యాప్‌లో లేని తవిటయ్య

కొండగెడ్డ విమానాశ్రయం పేరుకు విమానాశ్రయమే గానీ, పొద్దున్న హైదరాబాదుకొకటి, సాయంత్రం బెంగుళూరుకొకటి వెళ్ళిపోతే ఆ రోజుకి అక్కడ పని అయిపోయినట్టే. మూడో విమానం వచ్చిందంటే దారి తప్పి వచ్చిందని అర్థం. పైన రేకుల కప్పు, కింద ఒకటే హాలు, హాలుకి ఆ చివరొక గేటు, ఈ చివరొక గేటు. నడుమ విచారణ కౌంటరు. ఆ కౌంటర్లో పదకొండేళ్ళుగా తవిటయ్య ఉన్నాడు.

తవిటయ్యది కాంట్రాక్టు ఉద్యోగం. ఏటా మార్చి ముప్పై ఒకటిన ఆగిపోతుంది, ఏప్రిల్ ఒకటిన మళ్ళీ మొదలవుతుంది. పర్మినెంటు చెయ్యమని అతను పెట్టుకున్న అర్జీ ఆఫీసులో ఏ బీరువాలో ఏ అరలో ఉందో అతనికి తప్ప ఎవరికీ తెలియదు, ఎందుకంటే దాని మీద దుమ్ము దులిపేవాడు అతనొక్కడే. ఇద్దరు ఆడపిల్లలు కాలేజీలో ఉన్నారు. పర్మినెంటు అనే మాట వినపడితే చాలు, అతను అన్నం ముందు నుంచైనా లేచి వచ్చేస్తాడు.

జనవరిలో పైఆఫీసు నుంచి ఒక ఉత్తరువు దిగింది. ప్రతి విమానాశ్రయానికీ ఒక మొబైల్ యాప్ ఉండాలి, అందులో ఏమేమి ఉండాలో ప్రయాణీకులనే అడిగి తెలుసుకోవాలి. అడగడమనే పని ఎవరి నెత్తిన పడుతుంది? ఊరికే కూర్చున్నట్టు కనిపించేవాడి నెత్తినే. తవిటయ్య నెల రోజులు, జనం తనను అడిగిన ప్రతి ప్రశ్ననూ ఒక నోటుబుక్కులో రాశాడు. మొదటి రోజే "బాత్రూం ఎటండీ" అన్నది నూటపదిసార్లు రాయాల్సి వచ్చి వేళ్ళు పట్టేశాయి. మర్నాటి నుంచి దానికి ఒక గీత పెట్టుకున్నాడు. విమానం టైముకే వస్తుందా, బ్యాగు ఎక్కడికొస్తుంది, ఫోను ఛార్జింగు పెట్టుకోవడానికి ప్లగ్గు ఎక్కడ, మంచినీళ్ళెక్కడ, బయట ఆటో దొరుకుతుందా. నెలాఖరుకి తిప్పి తిప్పి చూస్తే ఇవే. వీటికి బయట ప్రశ్న ఒకే ఒక్కటి కనిపించింది. కిటికీ పక్క సీటు తీసుకుంటే గాలి వస్తుందా అని ఒక పెద్దమనిషి అడిగాడు.

డైరెక్టరు పరాంకుశం గారు ఆ నోటుబుక్కును రెండు వేళ్ళతో ఎత్తి చూశారు. ఆయన మాట్లాడితే సర్క్యులర్ చదివినట్టుంటుంది. ఇంట్లో కూడా అంతేనని వాళ్ళావిడ ఎవరితోనో అన్నారట.

"చూడు తవిటయ్యా. ప్రయాణీకుడు ఏమి అడుగుతున్నాడన్నది ఇక్కడ అప్రస్తుతం. ఏమి అడిగినట్లయితే మన సంస్థ స్థాయికి అనుగుణంగా ఉంటుందన్నదే పరిశీలనాంశం. గీతలతో నిండిన ఈ దస్త్రాన్ని నేను పైకి పంపజాలను."

"మరి బాత్రూం సంగతి సార్?"

"అది ప్రకృతికి సంబంధించిన విషయం. మనది పౌర విమానయానం."

అలా ఆ పని ఒక కంపెనీకి వెళ్ళింది. మార్చి ఒకటో తారీఖుకల్లా 'ఆకాశబంధు' అనే యాప్ దిగిపోయింది. తెరవగానే స్వాగత పద్యం, తర్వాత ఆనాటి రాశిఫలాలు, తర్వాత పరాంకుశం గారి సందేశం నాలుగు నిమిషాలు, మధ్యలో ఆపడానికి వీల్లేదు. ఇవన్నీ ఓపిగ్గా దాటుకుని వెళితే అప్పుడు విమానాశ్రయం మ్యాపు. ఈ యాప్‌కు ఎవరో అంతర్జాతీయ నాణ్యతా సర్టిఫికెట్ కూడా ఇచ్చారు. దాన్ని ఫ్రేము కట్టించి హాల్లో తగిలించారు. గోడ మీద చోటు చాలక, బాత్రూం ఎటో చూపించే బోర్డు పీకేశారు.

మొదటి రోజు దెబ్బతిన్నది పోలమ్మ. జీడిపప్పు పోలమ్మంటే ఆ చుట్టుపక్కల తెలియనివాళ్ళు లేరు. నెలకి రెండుసార్లు సరుకు నమూనాలు సంచుల్లో వేసుకుని హైదరాబాదు షాపులకి తిరిగి వస్తుంది, ఎవరికీ భయపడే మనిషి కాదు. ఫోను "గేట్ పద్నాలుగుకు నేరుగా ముందుకు సాగండి" అంటే నేరుగా ముందుకు సాగి, క్యాంటీను వంటగదిలో ఇడ్లీపిండి గంగాళం ముందు తేలింది. అక్కడినుంచి తిన్నగా తవిటయ్య మీదికి వచ్చింది.

"ఏటి బాబూ, పద్నాలుగో గేటంటాది. ఇక్కడున్నయే రెండు. మిగతా పన్నెండూ ఎవుడట్టుకెల్లిపోనాడు?"

తవిటయ్య ఆ ఫోను అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. మ్యాపులో ముప్పై గేట్లున్నాయి. వాటంతటవే కదిలే మెట్లున్నాయి, దానంతటదే కదిలే నడవా ఉంది, హాలు మధ్యలో చెరువుంది. అది కొండగెడ్డ కాదు, ఏ దేశంలోదో ఒక మహా విమానాశ్రయం. ఆమె సంచీ తను అందుకుని, రెండో గేటు దగ్గర దిగబెట్టి వచ్చాడు. సాయంత్రానికి అలాంటి ఫిర్యాదులు ముప్పై రెండు పోగయ్యాయి.

మర్నాడు మీటింగు. కంపెనీ తరఫున శ్రేష్ఠ అనే అమ్మాయి హైదరాబాదు నుంచి వచ్చింది. ఉన్నమాట దాచుకునే రకం కాదు.

"అది టెంప్లేట్ సార్. ఫారిన్‌ల ఒక ఎయిర్‌పోర్ట్‌కి చేసిందే ఇక్కడ పెట్టినం. పేరు మార్చినం, మీ ఫొటో పెట్టినం. మ్యాప్ మార్చుడు మర్చిపోయినం."

"ఇప్పుడు మార్చవలెనన్న?"

"కొత్త టెండర్, కొత్త అప్రూవల్, మళ్ళ సర్టిఫికెట్. పద్నాలుగు నెలలైతది సార్."

నెలాఖరున, అంటే మార్చి ముప్పై ఒకటిన, ఢిల్లీ నుంచి డిజిటల్ మదింపు మండలి వస్తోంది. యాప్‌కీ విమానాశ్రయానికీ పొంతన ఎంత ఉందో చూసి మార్కులు వేస్తుంది. మామూలు మనిషైతే ఇక్కడ తల పట్టుకుంటాడు. పరాంకుశం గారు మామూలు మనిషైతే డైరెక్టరు ఎలా అవుతారు?

"యాప్‌కు సర్టిఫికెట్ ఉన్నదా?" అని అడిగారు.

"ఉంది సార్."

"ఈ భవనానికి?"

ఇంజనీరు కాయితాలు వెతుక్కుని, "లేదండి. అప్పట్లో ఎవరూ అడగలేదు," అన్నాడు.

"సర్టిఫికెట్ ఉన్నదానికీ లేనిదానికీ వ్యత్యాసం తలెత్తినచో, దోషం ఎవరిదిగా పరిగణించవలసి ఉంటుంది?"

ఇంజనీరు మళ్ళీ కాయితాలు వెతుక్కోవడం మొదలుపెట్టాడు.

"భవనానిది," అన్నారు పరాంకుశం గారు. "యాప్ నందు ఉన్న ప్రతి వస్తువూ విమానాశ్రయము నందు ఉండవలెను. యాప్ నందు లేని ఏ వస్తువూ విమానాశ్రయము నందు ఉండరాదు. గడువు ఈ నెలాఖరు."

చప్పట్లు కొట్టారు. తవిటయ్య కూడా కొట్టాడు, పక్కవాడు కొడుతుంటే కొట్టకపోతే బాగుండదని.

పని మొదలైంది చూడండి, కొండగెడ్డలో అంత చురుగ్గా ప్రభుత్వం పని ఎవరూ ఎరుగరు. రెండో గేటుకి పద్నాలుగు అని రాశారు, ఒకటో గేటుకి ఇరవై ఏడు అని రాశారు. మిగతా ఇరవై ఎనిమిదింటికీ గోడల మీద తలుపు బొమ్మలు గీశారు. కదిలే మెట్లకి బదులు చెక్కతో ఆరు మెట్లు ఎక్కేవీ, వెంటనే ఆరు మెట్లు దిగేవీ కట్టారు. పైఅంతస్తు లేదు కదా మరి. ఎక్కినవాడు దిగి, ఎందుకెక్కానా అని ఒకసారి వెనక్కి చూసి వెళ్ళిపోతాడు. కదిలే నడవా కోసం పెళ్ళిపందిళ్ళవాళ్ళ దగ్గర ఎర్ర తివాచీ తెచ్చి పరిచి, ప్రయాణీకుణ్ణి దాని మీద నిలబెట్టి, సామాను మోసే నలుగురూ అవతలి చివర పట్టుకుని లాగేవాళ్ళు. మొదటి రెండు రోజులూ మనుషులు వెల్లకిలా పడ్డారు. తర్వాత "కూర్చుని ప్రయాణించవలెను" అని బోర్డు పెట్టాక సద్దుకుంది. హాలు మధ్యలో చెరువుండాలి కాబట్టి పెద్ద ప్లాస్టిక్ తొట్టె పెట్టి నీళ్ళు పోసి రెండు బాతుల్ని దించారు. ఆ బాతులకి జనం చేతుల్లోని బోర్డింగ్ పాసులంటే ఎందుకో చెప్పలేనంత ఇష్టం.

అసలు చిక్కు బాత్రూం దగ్గర వచ్చింది. ఉన్న బాత్రూం యాప్ ప్రకారం అత్తరు దుకాణం. యాప్‌లో బాత్రూం ఉన్న చోట ఇక్కడ ఉన్నది డైరెక్టరు గారి గది. ఈ దెబ్బతో పిచ్చి కుదురుతుందని సిబ్బంది అంతా లోపల్లోపల సంతోషించారు. పరాంకుశం గారు మాత్రం తొణకలేదు. "సంస్థ కోసం స్వీయ ఆసనాన్ని త్యజించుటకు నేను వెనుకాడను" అని ఉపన్యాసం చెప్పి, టేబులూ కుర్చీ ఖాళీ చేసి, ప్లంబర్లను లోపలికి పంపారు. డైరెక్టరు గది అనేది యాప్‌లో ఎక్కడా లేదు. వెతగ్గా వెతగ్గా ఒక ధ్యానమందిరం కనిపించింది. ఆ రోజు నుంచి ఆయన అందులోనే, రూలు ప్రకారం కింద చాప మీద కాళ్ళు మడిచి, కళ్ళు మూసుకుని ఫైళ్ళు చూసేవారు. అంతకు ముందుకీ ఇప్పటికీ సంతకాల్లో తేడా ఏమీ కనిపించలేదని గుమస్తాలు అన్నారు.

పదిహేడో తారీఖు పొద్దున్న ఇంజనీరు సుద్దముక్కా టేపూ పట్టుకుని విచారణ కౌంటరు దగ్గరకి వచ్చాడు. తవిటయ్య కుర్చీ చుట్టూ గుండ్రంగా గీత గీశాడు.

"ఏటండి ఇది?" అన్నాడు తవిటయ్య.

"ఏమనుకోకు తవిటయ్యా. యాప్‌లో కౌంటరు లేదు. నువ్వు కూర్చున్న చోట కుండీలో తాటిచెట్టుంది."

తవిటయ్య ఆ గీత దాటాడు. పరుగున ధ్యానమందిరానికి వెళ్ళాడు. పరాంకుశం గారు కళ్ళు మూసుకునే ఉన్నారు.

"సార్, నా కౌంటరు యాప్‌లో నేదంటన్నారండి."

"గమనించాము."

"మరి నానెక్కడ కూకోవాలి సార్?"

"యాప్‌లో లేనిది ఎక్కడా కూర్చోజాలదు. ముప్పై ఒకటిన నీ కాంట్రాక్టు ఎటూ ముగుస్తున్నది. ఈసారి ఒకటో తారీఖున తిరిగి ప్రారంభం కాదు. పరిపాలనాపరంగా ఇది చాలా సాఫీ అయిన ముగింపు."

"పదకొండేళ్ళు చేసినాను సార్."

"నీవు చేసినది పదకొండుసార్లు ఒక్కొక్క సంవత్సరం. పదకొండేళ్ళు వేరు. రెండింటినీ కలపరాదు."

తవిటయ్యకి ఒళ్ళు మండిపోయింది. ఏడుపూ వచ్చింది. పదకొండేళ్ళలో ఎన్ని వేల మందికి దారి చెప్పాడు, ఎంతమందిని విమానం రెక్క కదిలేలోగా గేటు దగ్గరకి పరిగెత్తించాడు. ఇప్పుడు తన చోటుకి వచ్చేది మొక్క. అదీ నిజం మొక్క కూడా కాదు, ప్లాస్టిక్‌ది. బయట లారీలో నిలబడి ఉంది. పిల్లలకి ఏం చెప్పాలి, ఏ మొహం పెట్టుకుని చెప్పాలి అనుకుంటూ, చెరువు పక్కన బెంచీ మీద కూలబడ్డాడు.

ఆ బెంచీ మీదే శ్రేష్ఠ కూర్చుని, ఒళ్ళో ల్యాప్‌టాప్ పెట్టుకుని, యాప్‌లో ఉన్నవీ ఇక్కడ తయారైనవీ సరిచూస్తోంది.

"అమ్మా, ఒక్క మాట," అన్నాడు తవిటయ్య. "యాప్‌లో ఉండి, ఇక్కడ ఇంకా రానిదేటైనా ఉందా?"

"అన్నీ అయినయి అంకుల్. ఒక్కటే మిగిలింది. నీలి చుక్క."

"అదేటమ్మా?"

"మనిషి ఎక్కడున్నడో చూపించే చుక్క. మనతోనే నడుస్తది. ఇక్కడ రేకుల కప్పు కదా, సిగ్నల్ దొరకక అందరినీ రన్‌వే మీద చూపిస్తున్నది. దానికి నేనేం చేయలేను."

తవిటయ్య ల్యాప్‌టాప్ మీదికి వంగి ఆ చుక్కని చూశాడు. తర్వాత లేచి, ఆఫీసులోంచి ఒక తెల్లకాయితం తెచ్చుకుని, అర్జీ రాశాడు. అర్జీలు రాయడంలో అతనికి పదకొండేళ్ళ అనుభవం ఉంది.

"మహారాజశ్రీ డైరెక్టరు గారి సముఖమునకు, విచారణ కౌంటరు తవిటయ్య నమస్కరించి వ్రాసుకొను అర్జీ. యాప్ నందు గల ప్రతి వస్తువూ విమానాశ్రయము నందు ఉండవలెనని తమరి సర్క్యులరు. యాప్ నందు నీలి చుక్క ఒకటి కలదు. విమానాశ్రయము నందు లేదు. కావున నన్ను సదరు చుక్కగా నియమించ ప్రార్థన. ఈ హాలులో నేను కళ్ళు మూసుకొని కూడా నడవగలను. చుక్కకు వేరే అర్హతలేమైనా ఉన్న యెడల నేర్చుకొనగలను."

అది చదవడానికి పరాంకుశం గారు ఒక కన్ను తెరిచారు. ధ్యానమందిరంలో ఆయన కన్ను తెరవడం అదే మొదటిసారి. వెంటనే మీటింగు పిలిచారు. తవిటయ్య పొడుగ్గా బక్కగా ఉంటాడు, చుక్క గుండ్రంగా ఉండాలి కదా అని ఇంజనీరు అభ్యంతరం చెప్పాడు. దాని మీద గంటన్నర చర్చ జరిగింది. చివరికి లోపల దూది కుట్టిన నీలం కోటొకటి వేయిద్దామన్నారు. యాప్‌లో చుక్క మినుకుమినుకుమంటుంది, ఇతనెలా మినుకుమంటాడు అని గుమస్తా అడిగాడు. నీలం గొడుగొకటి ఇచ్చి, అడుగడుక్కీ తెరిచి మూయమన్నారు. సిగ్నల్ సరిగా లేనప్పుడు చుక్క ఉన్నచోటే గిరగిరా తిరుగుతుందని శ్రేష్ఠ గుర్తు చేసింది. అదీ రాసుకున్నారు.

"తాత్కాలిక చుక్కగా నియమించడమైనది," అన్నారు పరాంకుశం గారు. "చుక్క ప్రయాణీకుడి వెంట నడవవలెను. 'మీరు ఇక్కడ ఉన్నారు' అని మాత్రమే చెప్పవలెను. వేరే ఒక్క మాట చెప్పరాదు. చుక్కకు స్వంత పరిజ్ఞానం ఉండదు. మదింపులో మార్కులు వస్తే కొనసాగింపు పరిశీలిస్తాము. రానిచో తాటిచెట్టు సిద్ధంగా ఉన్నది."

చుక్క ఉద్యోగం కష్టమైందంటే మామూలు కష్టం కాదు. దూది కోటులో చెమట కారిపోయేది. అది ఒక ఎత్తు, నోరు కట్టుకోవడం ఒక ఎత్తు. బాత్రూం ఎటండీ అని మొహంలో ప్రాణాలు పెట్టుకుని ఒకాయన అడుగుతాడు. అత్తరు దుకాణం వైపు పరిగెడుతుంటాడు. అటు కాదు నాయనా అని గొంతుదాకా వస్తుంది. వచ్చిన మాట మింగి, గొడుగు తెరిచి మూసి, "మీరు ఇక్కడ ఉన్నారు" అంటాడు. ఆయన చూసే చూపుకి తవిటయ్యకి భూమిలోకి కుంగిపోదామనిపించేది. ఇంటికెళ్ళినా మాట పెగిలేది కాదు. అన్నం పెట్టనా అని భార్య అడిగితే, మీరు ఇక్కడ ఉన్నారు అనేసి నాలిక్కరుచుకున్నాడు.

ముప్పై ఒకటి రానే వచ్చింది. మదింపు అధికారి మృత్యుంజయశర్మ గారు ఢిల్లీ నుంచి దిగారు. చేతిలో ఫోను, ఫోనులో ఆకాశబంధు, వెనక పరాంకుశం గారు. శర్మ గారు ఆరు మెట్లు ఎక్కి, ఆరు మెట్లు దిగి, "సూచించిన విధంగానే ఉన్నది" అని రాసుకున్నారు. ఎర్ర తివాచీ మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని ఈ చివర నుంచి ఆ చివరికి వెళ్ళి, "విద్యుత్తు ఆదా" అని రాసుకున్నారు. చెరువు దగ్గర ఒక బాతు ఆయన రాసుకున్న కాయితంలో ఒక మూల తినేసింది. దాన్ని కూడా ఆయన జీవవైవిధ్యం కింద రాసుకున్నారు. పరాంకుశం గారి మొహం వెలిగిపోతోంది.

సరిగ్గా అప్పుడు పోలమ్మ లోపలికి వచ్చింది. రెండు చేతుల్లో రెండు సంచులు, చంకలో ఫోను. హైదరాబాదు విమానం బయల్దేరడానికి ఇరవై నిమిషాలు కూడా లేదు. అటు చూస్తే ఇరవై ఏడు, ఇటు చూస్తే పద్నాలుగు, మధ్యలో చెరువు. ఆమె కళ్ళు తవిటయ్య కోసం వెతికాయి. కౌంటరుండే చోట తాటిచెట్టుంది. దానికి ఇటు పక్క గొడుగుతో, ఉబ్బిపోయి, నీలంగా తవిటయ్య కనిపించాడు.

"అమ్మయ్య, ఉన్నావా బాబూ. నా ఇమానం ఏ గేటుకాడున్నాది?"

"మీరు ఇక్కడ ఉన్నారు," అన్నాడు తవిటయ్య.

"నానిక్కడున్నానని నాకూ తెలుసు బాబూ. ఇంకా ఇక్కడే ఉన్నాననే కదా నా బాద. ఇమానం సంగతి సెప్పు."

తవిటయ్య గొడుగు తెరిచి మూశాడు. "మీరు ఇక్కడ ఉన్నారు."

పోలమ్మ సంచులు కింద పెట్టి అతని మొహంలోకి చూసింది. "ఏటైపోనావు తవిటయ్యా? ఎవులైనా సేతబడి సేసీసినారేటి నీకు? ఈ పూట నాను ఎల్లకపోతే బేరం ఇంకోడికెల్లిపోతాది. ఆర్నెల్ల నుంచి తిరుగుతున్నాను ఆడి సుట్టూ. నువ్వొక్కడివీ సెప్తావని కదా నాను ఈ ఇమానాలకి బయిపడకుండా వొస్తాను. నువ్వూ ఇలాగైపోతే నాలాటోళ్ళు ఎవుల్ని అడగాల?"

ఆమె గొంతు జీరపోయింది. పోలమ్మ గొంతు అలా అవడం తవిటయ్య ఎప్పుడూ వినలేదు. ఒక పక్క పరాంకుశం గారు గుడ్లురిమి చూస్తున్నారు. ఆ పక్కనే శర్మ గారు కలం ఎత్తి పట్టుకుని ఉన్నారు. ఇద్దరు పిల్లలూ, వాళ్ళ కాలేజీ, బీరువాలోని అర్జీ, అన్నీ ఒక్కసారి కళ్ళముందు తిరిగాయి. అయినా ఏం లాభం, పదకొండేళ్ళ అలవాటు పద్నాలుగు రోజుల్లో పోతుందా?

"అమ్మా, అదిగో ఆ మెట్లెక్కకు, ఎక్కినా మళ్ళీ దిగిపోతావు," అన్నాడు గొడుగు మూసి చంకలో పెట్టుకుంటూ. "సెరువు పక్కనుంచెల్లు. బాతులు కాయితాలు లాక్కుంటాయి, పాసు కొంగులో దాసుకో. అక్కడ పద్నాలుగని రాసుంటాది, అదే మన పాత రెండో గేటు. బాత్రూం కావాలంటే ఇప్పుడే ఎల్లిరా, డైరెక్టరు గారి గది ఉండీది కదా, అదే. ఇమానం పావుగంట లేటు, కంగారు పడకు. ఆ సంచీ ఇలాగియ్యి."

హాల్లో ఉన్న జనమంతా ఇటు తిరిగారు. రెండు వారాలుగా ఎవరిని అడిగినా జవాబు దొరకని జనం. ఒక్కసారిగా వచ్చి చుట్టూ మూగారు. ప్లగ్గెక్కడ, బ్యాగెక్కడ, నీళ్ళెక్కడ, ఆటోలు ఎటుంటాయి. తవిటయ్య అందరికీ చెప్పాడు. చెబుతున్నకొద్దీ అతనికి దూది కోటు కూడా తేలికగా అనిపించింది. పోతే పోనీ ఉద్యోగం అనుకున్నాడు, మనస్ఫూర్తిగా.

పరాంకుశం గారు రెండడుగులు వెనక్కి వేశారు. శర్మ గారు మాత్రం దగ్గరకి వచ్చి, తవిటయ్య చుట్టూ ఒకసారి తిరిగి చూశారు.

"ఇది మాట్లాడుతుందా?" అని పరాంకుశం గారిని అడిగారు. "యాప్ వివరాల్లో ఈ సంగతి లేదే. స్థానిక యాసలో, సందర్భానుసారంగా, ప్రయాణీకుడి మానసిక స్థితిని గ్రహించి సమాధానం. ఇంత సహజమైన కృత్రిమ మేధను నేను ఢిల్లీలో సైతం చూడలేదు."

తర్వాత అటూ ఇటూ చూసి, తవిటయ్య చెవి దగ్గర వంగి మెల్లగా ఏదో అడిగారు. తవిటయ్య కూడా అంతే మెల్లగా చెప్పాడు. శర్మ గారు గబగబా వెళ్ళి, అయిదు నిమిషాల తర్వాత ఎంతో ప్రశాంతంగా తిరిగి వచ్చి, నూటికి నూరు వేశారు.

"ఒక్క స్పష్టీకరణ," అన్నారు కాయితం మడుస్తూ. "ఇది మనిషి కాదు కదా? మనిషి అయినచో డిజిటల్ పద్దు కింద మార్కులు చెల్లవు."

పరాంకుశం గారు తవిటయ్య వంక ఒక్క క్షణం చూశారు.

"కాదండి. ఎంతమాత్రమూ కాదు."

"మరి మీ సిబ్బంది జాబితాలో తవిటయ్య అనే పేరు ఎందుకున్నది? యంత్రం మనుషుల జాబితాలో ఉండరాదు. తక్షణం తొలగించండి."

సాయంత్రం అయిదింటికల్లా కాయితం చేతికొచ్చింది. మొదటి పేరాలో కాంట్రాక్టు రద్దు అని ఉంది. రెండో పేరా చదవడానికి తవిటయ్యకి కళ్ళు ఆనలేదు, నీళ్ళు నిండిపోయాయి. చెరువు పక్క బెంచీ మీద కూర్చుని, ఎవరు చూస్తే నాకేం అని ఏడ్చేశాడు. మార్కులు వచ్చినా పీకేస్తే ఇంకెవరికి చెప్పుకోవాలి?

స్టోర్‌కీపర్ గురువులు అటు వచ్చాడు. వయసులో పెద్దవాడు, తవిటయ్యకి వరసకి మావ. చంకలో స్టాకు రిజిస్టరు, ఒక చేతిలో తెల్లరంగు డబ్బా, ఇంకో చేతిలో కుంచె.

"లెగరా. వెనక్కి తిరుగు," అన్నాడు.

"ఎందుకు మావా?"

"రెండో పేరా సదవనేదేటి? నిన్ను సిబ్బందిలోంచి తీసి స్టాకులో ఎక్కించమన్నారు. కుర్చీకీ ఫ్యానుకీ రాసినట్టే నీకూ నంబరు రాయాల. నాలుగొందల డెబ్బై మూడు, మాటలాడు చుక్క, ఒకటి. నీ జీతం ఇకనుంచి మరమ్మతుల కింద వస్తాది."

తవిటయ్యకి రోషం పొడుచుకొచ్చింది. "నాను వస్తువునా మావా?"

గురువులు రంగు డబ్బా కింద పెట్టి, పక్కన కూర్చున్నాడు. స్తంభం వెనక మూడు కాళ్ళ బల్ల ఒకటి గోడకి ఆనించి ఉంది. దాన్ని కుంచెతో చూపించాడు.

"ఆ బల్ల సూడు. నాను ఉద్యోగంలో సేరిన్నాడే దానికి మూడు కాళ్ళు. దాన్ని తీసియ్యాలంటే నా సంతకం కావాల, ఇంజనీరు సంతకం కావాల, డైరెక్టరు సంతకం కావాల. ఆ మీద ఆడిటోళ్ళొచ్చి కళ్ళతో సూసి, పనికిరాదని రాయాల. పందొమ్మిదేళ్ళైనాది, ఆల్లు రానేదు. ముగ్గురు డైరెక్టర్లు ఎలిపోనారు. బల్ల ఎక్కడికీ ఎల్లనేదు." అని ఆగి, తవిటయ్య చేతిలో కాయితం వంక చూశాడు. "నీ కాంట్రాక్టు తీసియ్యడానికి ఎన్ని సంతకాలైనాయి?"

తవిటయ్య కాయితం కింద చూశాడు.

"ఒకటి," అన్నాడు.

గురువులు డబ్బా మూత తీసి, పుల్లతో రంగు కలపడం మొదలుపెట్టాడు.

తవిటయ్య బల్ల వంక చూశాడు. కళ్ళు తుడుచుకున్నాడు. తర్వాత లేచి, వెనక్కి తిరిగి, రాయడానికి వీలుగా వీపు వంచి నిలబడ్డాడు.

"రెండు కోటింగులెయ్యి మావా."